అడుగుకో నూలు

కోటగడ్డ చేతివృత్తుల శిక్షణ కేంద్రంలో కమ్మరి కోర్సు మొదలైన రోజే ఒక టేపు కాలిపోయింది. ఎర్రగా కాలిన కడ్డీ ఎంత పొడవుందో చూద్దామని ఒక శిక్షణార్థి, స్టోరులో ఇచ్చిన ప్లాస్టిక్ టేపును దాని మీద పరిచాడు. మొదటి ఆరు అంగుళాలు కడ్డీకి అంటుకుపోయాయి. మిగతాది అతని చేతిలో మిగిలింది. ఆ టేపు ఎందుకు కాలిందో వివరిస్తూ నేను పైకి పెట్టిన నోటు నాలుగు పేజీలు. ఆ నోటు పెట్టకపోయి ఉంటే ఇదంతా జరిగేది కాదు.

నా పేరు పరంధామయ్య. ఆ కేంద్రంలో సీనియర్ అసిస్టెంట్‌ని. అప్పటికి ఇరవై ఆరేళ్ల సర్వీసులో నేను రాసిన నోటు ఒక్కటి కూడా వివరణ కోసం వెనక్కి రాలేదు.

ఆ ఏడు మా శాఖ పెద్దలకు చేతిపనుల మీద హఠాత్తుగా ప్రేమ పుట్టింది. అంతకుముందు ఏడు చేతిపనులవాళ్లకు కంప్యూటర్లు నేర్పించాం. ఈ ఏడు కంప్యూటర్లు వచ్చినవాళ్లకు ఇనుము కొట్టడం నేర్పాలన్నారు. మూడు నెలల కోర్సు, పన్నెండుమంది. అందులో పదకొండుమంది సర్టిఫికెట్టు కోసం వచ్చారు. పన్నెండో మనిషి భూలక్ష్మి. ఆమె కమ్మరిపని నేర్చుకోవడానికి వచ్చింది. దరఖాస్తులో 'ఉద్దేశం' అన్నచోట ఆ ముక్కే రాస్తే, కొట్టేయించి 'స్వయం ఉపాధి' అని రాయించాను.

భూలక్ష్మికి ముప్పై ఏళ్లుంటాయి. బుధవారం అంగడిలో కొడవళ్లు అమ్ముతుంది.

"పట్నంకెల్లి తెచ్చి అమ్ముతున్న సార్. రెండు మడులు కోస్తె వంగిపోతున్నయి. కొన్నోళ్లు తెచ్చి నా మొఖాన కొడుతున్నరు. తిట్లు తినుడు నేనేనాయె, చేసుడు గూడ నేనే చేసుకుంట" అన్నది. సర్టిఫికెట్టు ఉంటే పారిశ్రామికవాడలో ఒక షెడ్డు కూడా ఇస్తారని ఆమెకు ఎవరో చెప్పారు. అది నిజమే.

నేర్పడానికి చెన్నోజు కనకాచారిని గెస్ట్ ఇన్‌స్ట్రక్టరుగా తీసుకున్నాం. మా శాఖలో గెస్టు అంటే పిలిచినప్పుడు వచ్చి, చెప్పినప్పుడు వెళ్లిపోయేవాడు. కనకాచారి అరవై దాటినవాడు. మాట తక్కువ. కాలిన టేపును చూసి ఆయన, "గీ టేపులు దర్జోళ్లకియ్యుండ్రి సార్. ఇనుమును ఇనుముతోనే కొల్వాలె. మా పిల్లలు ఎవల కొలతలు వాళ్లే చేసుకుంటరు" అన్నాడు.

మొదటి వారమంతా అదే పని. ముందుగా ఒక మూలమట్టం. తర్వాత పిడికి బిగించిన చిన్న ఇనప చక్రం. దాన్ని గుండ్రటి వస్తువు అంచున దొర్లించి, ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెడితే చుట్టుకొలత తెలుస్తుంది. వీటన్నిటికంటే ముఖ్యమైనది కొలబద్ద. రెండడుగుల ఇనప పట్టీ, కొసన కొక్కెం. కొక్కేన్ని కడ్డీ అంచుకు తగిలిస్తే జారదు. సుద్దగీతలు వేడికి నిలవవు కాబట్టి అంగుళాల గీతలు ఉలితో చెక్కాలి. పట్టీకి ఒకవైపు చల్లటి ఇనుము కొలత, రెండోవైపు కాలిన ఇనుము కొలత.

"రెండెందుకు సార్?" అని భూలక్ష్మి అడిగింది.

"ఎర్రగ కాల్తె ఇనుము పెరుగుతది బిడ్డా. అడుగుకో నూలు పెరుగుతది. చల్లారినంక మల్ల ఎన్కకు వస్తది. కాలినప్పుడు అడుగుండాల్నని కోస్తివనుకో, చల్లారినంక నూలు తక్కువైతది. అందుకే వేడిదిక్కు గీతలు జర దూరం దూరం."

నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతు. భూలక్ష్మి మూడు పట్టీలు పాడుచేసి నాలుగోది చేసింది. కనకాచారి దాన్ని కంటికి దగ్గరగా పెట్టుకొని రెండువైపులా చూసి, ఏమీ అనకుండా తిరిగి ఇచ్చాడు. ఆయన దగ్గర అది మొదటి తరగతి మార్కు. ఆ రోజు ఆమె మధ్యాహ్నం అన్నం తింటున్నప్పుడు కూడా ఆ పట్టీని ఒళ్లోనే పెట్టుకుంది.

పదోరోజున నా నోటు చదివి వామనరావు గారు వచ్చారు. మా శాఖలో ప్రమాణాల పర్యవేక్షణ అధికారి ఆయన. కాలిపోయిన టేపును కవరులో వేసి సీలు వేయించి, కొలిమి గదిలోకి నడిచారు. బల్ల మీద పన్నెండు కొలబద్దలు వరసగా ఉన్నాయి. ఒకటి తీసి చూశారు. తిప్పి చూశారు. మళ్లీ తిప్పారు.

"ఇదేమిటి? ఒకే పట్టీ మీద రెండు రకాల అడుగులు?"

"ఒకటి వేడిది సార్, ఒకటి సల్లది" అన్నాడు కనకాచారి.

"ప్రభుత్వానికి అడుగు ఒక్కటే. ఒక వ్యక్తి వద్ద రెండు కొలతలు ఉండుటను ఏమందురో మీకు తెలుసునా? కొనునప్పుడొకటి, అమ్మునప్పుడొకటి వాడుటను ఏమందురు?"

"మేం అమ్ముతలేం సార్. కాల్చి చూపిస్త, మీరే కొల్వుండ్రి."

ఆయన సరిగ్గా అడుగు కడ్డీ తీసుకొని, వామనరావు గారి స్టీలు స్కేలుతో ఆయన చేతే కొలిపించి, కొలిమిలో పెట్టాడు. ఎర్రబడ్డాక పట్టకారుతో బయటికి తీసి మళ్లీ కొలవమన్నాడు. అడుగు మీద నూలు వచ్చింది. నీళ్లతొట్టిలో ముంచి తీసి మూడోసారి కొలవమన్నాడు. అడుగే. శిక్షణార్థులు చప్పట్లు కొట్టారు. వామనరావు గారి ముఖం మాత్రం గంభీరమైపోయింది.

"ఇప్పుడే అడుగు మీద నూలు ఉండెను. నీళ్లలో పెట్టి తీయగానే లేదు. ఆ నూలు ఇనుము ఏమైనట్లు?"

"యాడికి పోలే సార్. అండ్లనే ఉంది."

"ఉన్నచో కొలతలో కనబడవలెను గదా!"

తొట్టిలో నీళ్లు తోడించారు. అడుగున దొరికినవి: బురద, రెండు బొగ్గు ముక్కలు, ఒక గాజుముక్క. పంచనామా నేనే రాశాను. సాక్షిగా భూలక్ష్మి సంతకం పెట్టింది. పెడుతూ, "ఆ గాజుముక్క నాదే సార్, అది గూడ గుంజుకుంటరా?" అని అడిగింది. గుంజుకున్నాం. పన్నెండు కొలబద్దలూ స్వాధీనం చేసుకొని గుడ్డసంచిలో కట్టి బీరువాలో పెట్టాం. ఆమె సంచి వైపే చూస్తూ నిలబడింది.

వారంలో సర్క్యులర్ వచ్చింది. "ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, శిక్షణ నిమిత్తము వాడబడు ఇనుము వేడిగానున్నను చల్లగానున్నను ఒకటే పొడవు కలిగియుండవలెను. దీనిని ఉల్లంఘించినచో సంబంధిత ఇన్‌స్ట్రక్టరు బాధ్యత వహించవలసియుండును." నోటీసు బోర్డు మీద ఒక ప్రతి, కొలిమి పైన గోడకు ఒక ప్రతి అంటించాం. ఇనుమును మూడు రోజులు గమనించినా మార్పు రాలేదు.

అప్పుడు కమిటీ వేశారు. వామనరావు గారు, మా ప్రిన్సిపాల్ జలంధర్ గారు, నిపుణుడిగా డిగ్రీ కాలేజీ భౌతికశాస్త్రం లెక్చరర్ ఒకరు. లెక్చరర్ టీ చల్లారకముందే తేల్చేశారు. "వేడి చేస్తే లోహం వ్యాకోచిస్తుందండీ. ఇది ఎనిమిదో తరగతి పాఠం."

"ఎనిమిదో తరగతి మన పరిధిలోనిది కాదు, అది విద్యాశాఖది" అన్నారు వామనరావు గారు.

"పరిధి సంగతి కాదండీ. మీ దగ్గరున్న స్టీలు స్కేలు కూడా ఇనుమే. అదీ పెరుగుతుంది. ఇరవై డిగ్రీల దగ్గరైతేనే దాని కొలత ఖచ్చితం."

వామనరావు గారు కలం పైకెత్తారు. "ఇరవై డిగ్రీలా? ఆ సంగతి మొదటే చెప్పకూడదూ!"

మా శాఖకు శాస్త్రం మీద గౌరవం లేదని ఎవరూ అనలేరు. నిపుణుడి మాటను కమిటీ అక్షరాలా స్వీకరించింది. ఖచ్చితమైన కొలత ఇరవై డిగ్రీల దగ్గరే సాధ్యం కనుక, కొలత తీసే గది ఇరవై డిగ్రీల దగ్గర ఉండాలి. మా కేంద్రంలో కొలతలు తీసే గది కొలిమి గది. కనుక కొలిమి గదిని ఇరవై డిగ్రీల దగ్గర ఉంచాలి. లెక్చరర్ ఏదో చెప్పబోయారు గాని, అప్పటికే మినిట్స్ టైపు అయిపోయాయి.

నాలుగు ఏసీలు వచ్చాయి. కొలిమి వెలిగించిన అరగంటకు నాలుగూ ఆగిపోయాయి. మెకానిక్ వచ్చి, "మంట ముంగట ఏసీ ఎట్ల నడుస్తది సార్? ఏదో ఒకటే పెట్టుకోండ్రి" అని చెప్పి వెళ్లాడు.

జలంధర్ గారు ఆర్డరు తెప్పించారు. "పరంధామయ్యా, దీంట్ల ఏసీ ఉన్నదా?"

"ఉంది సార్, మూడో పేరా."

"కొలిమి ఉన్నదా?"

"లేదు సార్."

"ఐతే ఆర్డర్ల లేనిదాన్ని నడిపి నేను ఉద్యోగం పోగొట్టుకోవాల్నా?"

కొలిమిని 'తాత్కాలికంగా' ఆర్పాం. అది డిసెంబరు నెల. పొద్దున్నే వచ్చి చూస్తే గదిలో పదహారు డిగ్రీలే ఉండేది. ఇరవైకి ఎక్కేదాకా కొలతలు నిషేధం. గదిని ఎలా వెచ్చబరచాలా అని జలంధర్ గారు తల పట్టుకుంటే కనకాచారి, "కొలిమి ముట్టియ్యాల్నా సార్?" అని చాలా మర్యాదగా అడిగాడు. ఆయన వేళాకోళం చేశాడో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.

నిప్పు లేకుండా కమ్మరిపని నేర్పడంలో కొన్ని ఇబ్బందులు ఎదురైన మాట నిజం. ఎర్రగా కాలిన దశ ఎలా ఉంటుందో శిక్షణార్థులకు చూపడం సిలబస్‌లో ఉంది. కడ్డీ కొసకు ఎరుపు రంగు పూస్తే సరిపోతుందన్న సూచన నాదే. దానికి నాకు ప్రశంసాపత్రం వచ్చింది. పన్నెండుమందీ ఎర్ర రంగు పూసిన కడ్డీని పట్టకారుతో పట్టుకొని, దాగలి దిమ్మె మీద పెట్టి, సుత్తెతో మెల్లగా తట్టేవారు. రిజిస్టరులో మూడు గడులు గీశాను. ఎర్రగా ఉన్నప్పటి పొడవు, రంగు తుడిచిన తర్వాత పొడవు, తేడా. మూడో గడిలో రోజూ సున్నా. వామనరావు గారు ఆ రిజిస్టరు పేజీలన్నీ తిప్పి చూశారు.

"చూశారా! క్రమశిక్షణతో ఇనుమును సైతం దారిలో పెట్టవచ్చును" అన్నారు.

ఆ రిజిస్టరులో ఇన్‌స్ట్రక్టరు రోజూ సంతకం చేయాలి. కనకాచారి చేయలేదు.

"రంగు పూస్తె ఇనుము కాలదు సార్."

"కాలిందని ఎవరన్నారు? ఎర్రగా ఉన్నప్పుడు అని మాత్రమే రాసి ఉంది" అని నచ్చజెప్పాను.

"మా తాత, మా నాయిన ఈ పనే చేసి సచ్చిపోయిండ్రు. నా చెయ్యి గీ సంతకం పెట్టది."

ఆయన సేవలు చాలించినట్టు మెమో నేనే తయారుచేశాను. తీసుకోవడానికి వచ్చిన రోజున కళ్లజోడు తెచ్చుకోలేదు. "జర మీరే చదివి చెప్పుండ్రి సార్" అన్నాడు. చదివాను. 'నిర్దేశిత ప్రమాణములయందు అవిశ్వాసము ప్రకటించినందున' అన్న ముక్కను కొంచెం తొందరగా చదివేశాను. ఆయన మొత్తం విని, "మంచిగ రాసిండ్రు సార్" అని కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

ఆయన గేటు దాటగానే భూలక్ష్మి నా బల్ల దగ్గరికి వచ్చింది. చేతులకు ఎర్ర రంగు ఉంది.

"ఆయన పాయె. మరి నాకెవలు నేర్పుతరు సార్?"

"సిలబస్ ప్రకారం కోర్సు కొనసాగుతుందమ్మా."

"రంగు పూసుడు నా కొడుకు గూడ చేస్తడు, వాడు రెండో తరగతి. నేను కొడవలి చేసుడెట్ల నేర్సుకోవాలె?"

నేను సిలబస్ ప్రతి తీసి ఆమె ముందు పెట్టాను. నియమాల్లో జవాబు లేని ప్రశ్నకు కాగితం చూపించడం మా పద్ధతి. ఆమె ఆ సాయంత్రం నుంచే కేంద్రం వదలగానే ఊరి చివర కనకాచారి ఇంటి కొలిమికి వెళ్లడం మొదలుపెట్టింది. పగలంతా ఏసీలో రంగు పూసేది, దీపాలు పెట్టేవేళ దాకా అక్కడ సమ్మెట కొట్టేది. మా బీరువాలో ఉన్న కొలబద్దకు బదులు అక్కడ ఇంకొకటి చేసుకుందని విన్నాను. ఇది నాకు తెలుసు. ఏ ఫైల్లోనూ రాయలేదు. నా సర్వీసులో తెలిసీ రాయకపోవడం అదే మొదలు.

కోర్సు ముగిసే వారంలో కమిషనర్ మేడమ్ వస్తున్నారని ఫోను వచ్చింది. మా కేంద్రాన్ని ఆదర్శంగా ప్రకటిస్తారట. ప్రదర్శనకు ఒక ఎడ్లబండి తెప్పించాం. ఒక చక్రానికి అంచు చుట్టూ తొడిగే ఇనప పట్టా లేదు. ఆ పట్టా చేసి ఎక్కించడమే శిక్షణార్థుల చివరి పరీక్ష అని వామనరావు గారు ప్రకటించారు. "చక్రమెంత ఉన్నదో పట్టా అంతే ఉండవలెను. ఒక నూలు హెచ్చు లేదు, ఒక నూలు తగ్గు లేదు."

ఇరవై డిగ్రీల దగ్గర చక్రాన్ని కొలిచి, ఇరవై డిగ్రీల దగ్గర పట్టాను కొలిచి, చల్లటి ఇనుమునే పదిమంది కలిసి వంచి గుండ్రంగా చేశారు. అది చక్రం మీదికి ఎక్కలేదు. సమ్మెటలతో కొడితే చక్రం ఆకుల్లో, అంటే లోపలి కర్రల్లో, ఒకటి చిట్లింది. వడ్రంగిని పిలిపించి ఆకు మార్పించి, ఈసారి పట్టాను రెండంగుళాలు పెంచారు. అవలీలగా ఎక్కింది. బండిని నాలుగడుగులు నడిపిస్తే పట్టా ఊడి, తనంతట తాను దొర్లుకుంటూ వెళ్లి, వరండాలో నిలబెట్టిన 'స్వాగతం' బోర్డును పడగొట్టింది.

అప్పటికి సాయంత్రం నాలుగైంది. మర్నాడు పదింటికి మేడమ్ వస్తారు. వామనరావు గారు స్టేషనుకు ఎదురు వెళ్లారు. జలంధర్ గారు నన్ను గదిలోకి పిలిచి తలుపు వేశారు.

"పరంధామయ్యా, ఎట్లనన్న చెయ్యి. ఎట్ల చేసినవో నాకు చెప్పకు."

కనకాచారి ఇంటికి వెళ్లాను. ఆయన అరుగు మీద కూర్చొని ఉన్నాడు. విషయం విన్నాడు. "నేను రాను సార్. మీ కాయితం నా దగ్గర్నే ఉంది. ఆ పిల్లనడుగుండ్రి. చేస్తది" అన్నాడు.

భూలక్ష్మి కొలిమి దగ్గరే ఉంది. చెమట తుడుచుకుంటూ, "పిడకలు గావాలె సార్. రెండు బండ్లు. నీళ్ల డ్రమ్ములు మూడు" అన్నది. ఇంకేమీ అడగలేదు.

తెల్లవారి ఆరింటికి కేంద్రం వెనక ఖాళీ జాగాలో పని మొదలైంది. ఆమె తన చిన్న ఇనప చక్రాన్ని చెక్క చక్రం అంచున దొర్లించి చుట్లు లెక్కపెట్టింది. పద్నాలుగు అడుగుల చుట్టుకొలత. పట్టాను కోసి, చక్రం కన్నా అంగుళం తక్కువ ఉండేలా మళ్లీ రివిట్లు కొట్టింది.

"తక్కువ చేస్తున్నావేంటమ్మా? సరిగ్గా ఉన్నదే ఎక్కలేదు గదా" అని కంగారుపడ్డాను.

"అడుగుకో నూలు సార్. పద్నాలుగడుగులకు పద్నాలుగు నూళ్లు. అంగుళంనర మించి పెరుగుతది. మీరు నిల్చోండ్రి, సూడుండ్రి."

పట్టా చుట్టూ పిడకలు పేర్చి నిప్పు పెట్టింది. మిగతా పదకొండుమందీ మంట చుట్టూ చేరారు. కొలిమి ఆర్పాక వాళ్లు చూసిన మొదటి నిప్పు అది. పట్టా ఎర్రబడగానే నలుగురు పట్టకార్లతో ఎత్తి చక్రం మీద దించారు. అది ఒక్క దెబ్బ లేకుండా కూర్చుంది. చెక్క అంచు భగ్గున అంటుకుంది. "నీళ్లు!" అని ఆమె అరిచింది. డ్రమ్ములు కుమ్మరించారు. ఆవిరి లేచింది. ఆ ఆవిరిలో చక్రం కిర్రుమంటూ, కీళ్లన్నీ బిగుసుకుంటూ, ఒక్కటిగా మారిపోయింది. ఇరవై ఆరేళ్లలో ఒక వస్తువు ఇంకో వస్తువుకు సరిగ్గా అమరడం నేను కళ్లతో చూడటం అదే. నా చొక్కా తడిసిపోయిందని చాలాసేపటికి గాని తెలియలేదు.

నిప్పు పెట్టడానికి ఏ నిబంధన ఉందని జలంధర్ గారు అడగక తప్పలేదు. వాచ్‌మన్లకు శీతాకాలంలో చలిమంట వేసుకునే వెసులుబాటు ఉంది. ఆ ప్రకారం నమోదు చేశాను.

మేడమ్ వచ్చారు. చక్రాన్ని చేత్తో తట్టి, "ఎంత గట్టిగా ఉందో!" అన్నారు. వామనరావు గారు వేడికీ చల్లదనానికీ అతీతమైన కొత్త కొలత విధానం గురించి ఇరవై నిమిషాలు ప్రసంగించారు. మేడమ్ వెళ్లాక, పట్టా లోపలి కొలత తీద్దామని పట్టాకూ చెక్కకూ మధ్య స్టీలు స్కేలు దూర్చబోయారు. దూరలేదు.

"దీనిని విప్పి కొలవవలెను."

"విప్పాలంటె మల్ల కాల్చాలె సార్" అన్నది భూలక్ష్మి.

వామనరావు గారు ఆమె వైపు తిరిగారు. "కాల్చుట ఏమిటి? ఎవరు కాల్చిరి?"

జలంధర్ గారు నా వెనక్కి జరిగారు. ఆమె మాత్రం, "నేనే సార్" అన్నది.

ఫలితాలు మూడో రోజున వచ్చాయి. పదకొండుమంది ఉత్తీర్ణులు. భూలక్ష్మి పరీక్ష సమయంలో నిర్ణీత ఉష్ణోగ్రత గల గదిలో లేనందున గైర్హాజరుగా పరిగణించబడింది. ఆ కాగితం కూడా నా చేతి మీదుగానే వెళ్లింది. ఆమె చదువుకొని, "షెడ్డు గూడ రాదా సార్ ఐతే?" అని అడిగింది. రాదన్నాను. ఆమె నా బల్ల మీద చూపుడువేలితో ఏదో గీతలు గీస్తూ కాసేపు నిలబడి వెళ్లిపోయింది. ఆ రాత్రి నా భార్య, అన్నం ఎందుకు కెలుకుతున్నారని అడిగింది.

రెండు నెలలకు మా కేంద్రానికి రాష్ట్రస్థాయి పురస్కారం వచ్చింది, ఒక్క అగ్నిప్రమాదం కూడా జరగని ఏకైక కమ్మరి శిక్షణ కేంద్రంగా. రెండో బ్యాచికి రెండువందల దరఖాస్తులు వచ్చాయి. ఇన్‌స్ట్రక్టరు లేడు. ఆ బండిచక్రానికి పట్టా ఎక్కించినవారెవరో వారినే నియమించవలసిందని కమిషనర్ ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. నిబంధనలు చూశాను. శిక్షణార్థిగా భూలక్ష్మి గైర్హాజరు. ఇన్‌స్ట్రక్టరుకు మాత్రం సర్టిఫికెట్టు అక్కర్లేదు, అనుభవం చాలు. నియామకపు ఉత్తర్వు పట్టుకొని నేనే బయల్దేరాను.

ఆమె కనకాచారి కొలిమి దగ్గరే ఉంది. సగం చోటు ఆయన ఆమెకు ఇచ్చేశాడట. ఆయన తిత్తి ఊదుతున్నాడు. గుమ్మం ముందు నలుగురైదుగురు రైతులు కొడవళ్ల కోసం కూర్చుని ఉన్నారు. ఉత్తర్వు చదివి వినిపించాను.

"ఆ ఏసీ గదిలేనా సార్?"

"అవునమ్మా."

"కొలిమి ముట్టిస్తరా?"

"ఇంకా తాత్కాలికంగా ఆర్పే ఉంది."

"ఐతే నేనేం నేర్పాలె?"

"రోజూ రిజిస్టరులో సంతకం పెడితే చాలు."

కనకాచారి తిత్తి ఊదడం ఆపలేదు, నా వైపు చూడనూ లేదు. ఆమె పట్టకారుతో నిప్పుల్లోంచి కొడవలి ముక్కను బయటికి లాగింది. దాని వెలుగు ముఖం మీద పడింది.

"సార్, జర పక్కకు జరుగుండ్రి. ఇనుము సల్లారుతాంది."

జరిగాను. అక్కడే నిలబడి ఆ ముక్క కొడవలి అయ్యేదాకా చూశాను. తర్వాత ఆఫీసుకు వెళ్లి ఫైల్లో రాశాను: 'సదరు అభ్యర్థి పనిలో ఉన్నందున తన సమ్మతిని తెలియజేయుటకు వీలుపడలేదు.' ఆ నోటు వివరణ కోసం వెనక్కి వచ్చింది.